బెజవాడ రుమటాలజీ క్లినిక్‌కి ఐదుకి నాలుగు స్టార్లు

మాది తెనాలి. కోర్టు దగ్గర జిరాక్స్ షాపు, పక్కనే ఒక డీటీపీ కంప్యూటరు. దస్తావేజులు, మార్కుల లిస్టులు, ఆస్పత్రి కాగితాలు రోజూ నా చేతిమీదుగా పోతూనే ఉంటాయి. మా ఆవిడ జబ్బు ఏమిటో తేలడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ లోపల మా ఇంట్లో ఆరు ఫైళ్ళు తయారయ్యాయి. ఆరూ ఒకే మనిషివి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూద్దామని ఎవరికీ తట్టలేదు. పొద్దస్తమానం కాగితాలు వరసలో పేర్చి స్టేపుల్ కొట్టే నాకూ తట్టలేదు. ఏడో చోట చూశారు. ఆ ఏడో చోటు గురించే ఈ రివ్యూ. క్లినిక్ పేరు రాయడం లేదు. ఈ రివ్యూలో మా ఆవిడ సంగతులున్నాయి కాబట్టి వద్దంది.

జబ్బు పేరు లూపస్. కాగితం మీద ఎస్ఎల్ఈ అని రాస్తారు. రోగాల మీదికి పోవాల్సిన మన ఒంటి కాపలాదళం మన ఒంటిమీదికే తిరగబడటం. ఒకచోట అని ఉండదు. కీళ్ళు, చర్మం, రక్తం, ఊపిరితిత్తుల పొర, కిడ్నీ, మెదడు, ఎక్కడైనా. మాకు ఆరు ఫైళ్ళు ఎందుకయ్యాయో ఇప్పుడు అర్థమవుతోంది.

మొదటిది ఎముకల డాక్టరుది. పొద్దున్నే పాల ప్యాకెట్టు కత్తిరించబోతే కత్తెరలో వేళ్ళు ముడుచుకునేవి కావు. "ఏమండీ, ఇది కాస్త కోసిపెట్టండి" అని నాకిచ్చేది. తొమ్మిదింటికి ఇడ్లీ పాత్ర తోమే వేళకి మామూలే. రెండు చేతులకీ ఒకేలా. కీళ్ళవాతం ఉందేమో చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష చేయిస్తే నెగటివ్. ఎక్స్‌రేలో ఏమీ లేదు. కాల్షియం రాశారు.

రెండోది జ్వరం ఫైలు. సాయంత్రానికి 101, 102. పొద్దునకి ఉండదు. మన దగ్గర నాలుగు రోజుల్లో జ్వరం తగ్గలేదంటే టైఫాయిడే కదా. వైడాల్ పరీక్ష పాజిటివ్ అన్నారు, వారం రోజులు ఇంజెక్షన్లు, సెలైన్లు. తగ్గిందనుకున్నాం. ఇరవై రోజులకి మళ్ళీ జ్వరం, మళ్ళీ వైడాల్, మళ్ళీ ఇంజెక్షన్లు. ఒక్క వైడాల్ పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదని, బ్లడ్ కల్చర్ చెయ్యాలని తర్వాతెప్పుడో తెలిసింది.

మూడోది మొహం. మే నెలలో మా అక్క కూతురి పెళ్ళి. పగలంతా పందిట్లోకీ వీధిలోకీ తిరిగింది. మర్నాటికి రెండు బుగ్గలూ, ముక్కు మీదా ఎర్రగా కందిపోయాయి. ఎండకి కమిలిందన్నారు. పార్లర్లో ఫేషియల్ చేయించింది, ఇంకా మండింది. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే పదిరోజులు బ్రహ్మాండంగా ఉంది, ఆపగానే రెట్టింపు. అందులో ఉన్నది స్టెరాయిడ్ అని తర్వాత తెలిసింది. చర్మం డాక్టరు కాగితం మీద మాత్రం మంగు అని ఉంది.

నాలుగో ఫైల్లో ఒక ఈసీజీ. గట్టిగా ఊపిరి తీస్తే కుడిపక్క సూదితో పొడిచినట్టు నొప్పి. గుండె బాగానే ఉంది, గ్యాస్ అన్నారు. ఐదోది నీరసం, జుట్టు రాలడం. హిమోగ్లోబిన్ 8.9. ఐరన్ సిరప్పు. జుట్టు సంగతి అడిగితే బోరు నీళ్ళ వల్లన్నారు, మేమూ అనుకున్నాం. ఆరోది లేడీ డాక్టరుది. సాయంత్రానికి పాదాలు వాచి పట్టీలు గుచ్చుకునేవి. థైరాయిడ్ నార్మల్, ఉప్పు తగ్గించమన్నారు.

ఇందులో ఏ ఒక్క డాక్టరునీ తిట్టాలని నాకు లేదు. ఎవరి దగ్గరికి వెళ్ళి ఏ బాధ చెబితే వాళ్ళు ఆ బాధ చూశారు. జ్వరం దగ్గర వేళ్ళ సంగతి చెప్పలేదు. వేళ్ళ దగ్గర జుట్టు సంగతి ఎవరు చెబుతారు?

దారి చూపింది మా షాపుకి వచ్చే ఒక లాయరమ్మ. మా ఆవిడ నాకు క్యారేజీ తెచ్చిన టైముకి లాయరమ్మ వకాల్తా కాగితాలు జిరాక్స్ తీయించుకుంటోంది. మొహం వంక ఓ నిమిషం చూసి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యా, ఏమీ అనుకోకు. వదినకి వేళ్ళ నొప్పులు కూడా ఉన్నాయా?" ఆవిడకి పదకొండేళ్ళుగా లూపస్సట. మాకు తెలియనే తెలియదు. రోజూ నల్లకోటు వేసుకుని కోర్టుకి వచ్చే మనిషి. "చర్మం డాక్టరు కాదు, రుమటాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళు. అన్ని కాగితాలూ పట్టుకెళ్ళు" అంది. రుమటాలజీ అంటే ముసలివాళ్ళ కీళ్ళవాతం చూసేవాళ్ళని నా లెక్క, లూపస్ లాంటివీ వాళ్ళే చూస్తారని తెలియదు. మా ఆవిడకి ముప్ఫై రెండు.

ఆ రాత్రి ఆరు ఫైళ్ళూ ముందేసుకుని తారీకుల వరసలో పేర్చాను. ఈసీజీ కాగితం అప్పటికే సగం వెలిసిపోయింది. అది వేడికి అచ్చయ్యే కాగితం, ఎండలో పెడితే కొన్నాళ్ళకి ఖాళీ. మీ ఇంట్లో ఈసీజీలుంటే ఇవాళే జిరాక్స్ తీసి పెట్టుకోండి. ఇది నా వ్యాపారం కోసం చెబుతున్నది కాదు.

ఇక క్లినిక్. రెండో అంతస్తు. పొద్దున ఏడింటికి ఫోన్ చేసి టోకెన్ తీసుకోవాలి. ఆ ఫోన్ ఎత్తరు. నలభై సార్లు కొడితే ఒకసారి ఎత్తుతారు. ఫీజు 700, పదిహేను రోజుల్లో రిపోర్టులు చూపించడానికి వెళితే మళ్ళీ కట్టక్కర్లేదు. మాది పద్దెనిమిదో టోకెన్, లోపలికి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. హాల్లో ఊరికే కూర్చుని లెక్కపెట్టాను. తోడు వచ్చినవాళ్ళని తీసేస్తే పేషెంట్లలో మగవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. లూపస్ వచ్చేవాళ్ళలో పదికి తొమ్మిదిమంది ఆడవాళ్ళేనని, అందులోనూ ఎక్కువగా పదిహేనుకీ నలభై ఐదుకీ మధ్యవాళ్ళని గోడ మీద బోర్డు ఉంది.

పెద్ద డాక్టరు కంటే ముందు ఒక జూనియర్ డాక్టరమ్మ చూస్తుంది. ఈ క్లినిక్‌కి నేను వేసే నాలుగు స్టార్లలో రెండు ఆ అమ్మాయికే. ముందు నాలుగు పేజీల ప్రశ్నల కాగితం ఇస్తారు. తెలుగులోనే ఉంది. కాకపోతే జిరాక్స్‌కి జిరాక్స్ తీసి, దానికి మళ్ళీ తీసి, అక్షరాలు చీమల బారులా అయిపోయాయి. మూడో పేజీ వాలుగా పడింది. నాకు ఒళ్ళు మండింది గానీ ప్రశ్నలు మాత్రం అలాంటి ఇలాంటివి కావు. పొద్దున లేచాక వేళ్ళు ఎంతసేపటికి వదులవుతాయి? ఎండలోకి వెళ్ళొచ్చాక దద్దురు వస్తుందా, ఆ తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, నీరసం వస్తున్నాయా? చల్లనీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు తెల్లబడి, తర్వాత నీలంగా మారతాయా? మూత్రం నురగ వస్తుందా? నీళ్ళు పోసినా ఆ నురగ పోకుండా ఉంటుందా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? కడుపు పోయిందా, ఎన్నో నెలలో?

నురగ ప్రశ్న దగ్గర మా ఆవిడ నా వంక చూసింది. "సబ్బునీళ్ళేమో అనుకున్నా" అంది. నాలుగు నెలలుగా వస్తోందట. నాకు ఎప్పుడూ చెప్పలేదు. అలాంటివి మొగుడికి చెప్పే మాటలా అనుకుంది.

చివరి ప్రశ్న దగ్గర నేను పెన్ను పక్కన పెట్టాను. ఐదేళ్ళ కిందట ఐదో నెలలో పోయింది. ఆ కాగితాలు నేను తేలేదు. దానికీ దీనికీ సంబంధం ఏముంటుందనుకున్నాను. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. మా ఆవిడ చెప్పినంతసేపూ విని, చిన్నగా రాసుకుని, "దీనికి వేరే రక్తపరీక్ష ఉందమ్మా, చేద్దాం" అంది. యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలట. అవి ఉంటే రక్తం గడ్డకట్టడం, కడుపు నిలవకపోవడం జరగొచ్చు. అందులో మూడు పరీక్షలు, మాకు ఒకటి కొద్దిగా పాజిటివ్ వచ్చింది. పన్నెండు వారాల తర్వాత మళ్ళీ చేస్తేనే అది లెక్కలోకి వస్తుందన్నారు. రెండోసారి రాలేదు. కాబట్టి ఆ కడుపు దీనివల్లే పోయిందని చెప్పలేమని పెద్ద డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పారు. ఏదో ఒక కారణం చెప్పి పంపించేస్తే మాకు ఆ పూటకి తేలికగా ఉండేది. ఆయన అలా చెయ్యలేదు.

పెద్ద డాక్టరు యాభై పైబడిన మనిషి, మాట తక్కువ. ముందు చేతులు చూశారు, ఒక్కో కణుపూ నొక్కుతూ. తర్వాత టార్చిలైటు తీసి "నోరు తెరువమ్మా, పైకి చూడు" అన్నారు. నన్నూ పిలిచి చూపించారు. అంగిట్లో ఒక ఎర్రటి పుండు, పావలా అంత. మా ఆవిడకి అది ఉన్నట్టే తెలియదు. నొప్పి లేదు మరి. లూపస్‌లో వచ్చే నోటిపుండు చాలాసార్లు అలాగే నొప్పి లేకుండా ఉంటుందట. నోరు మంటపుడితే బీకాంప్లెక్స్ వేసుకుంటాం, మండకపోతే ఎవరు చూసుకుంటారు?

ఆ తర్వాత మొహం. ముక్కు పక్కనుంచి నోటి మూల దాకా దిగే మడత ఉంటుంది చూడండి, ఆయన చిటికెనవేలితో ఆ మడత వెంట గీత గీసినట్టు చూపించారు. బుగ్గ ఎరుపు, ముక్కు దూలం ఎరుపు, ఆ మడత మాత్రం మామూలు రంగు. "సీతాకోకచిలుక రెక్కల్లా ఉంటుంది. ఈ మడతని వదిలేస్తుంది" అన్నారు. మంగు గోధుమరంగులో ఉంటుంది, మండదు. ఇది ఎర్రగా ఉంటుంది, ఎండకి రేగుతుంది. లాయరమ్మ కౌంటరు దగ్గర చూసింది కూడా ఈ మడతనేనని నాకు అప్పుడు వెలిగింది. అయితే లూపస్ ఉన్న అందరికీ ఈ మచ్చ రాదని, అది లేదు కాబట్టి లూపస్ కాదనుకోవద్దని కూడా చెప్పారు.

కాగితాల దగ్గరికొచ్చేసరికి నా కాలర్ కాస్త ఎగిరింది. "ఎవరు పేర్చారు ఇవి?" అన్నారు. పాత రక్తపరీక్షలు నాలుగూ పక్కపక్కన పెట్టి వేలు పెట్టి చూపించారు. తెల్లకణాలు 3,400, 3,100, 3,600, 3,200. నాలుగు సార్లూ తక్కువే. అందరూ హిమోగ్లోబిన్ దగ్గరే ఆగిపోయారు. ఒంట్లో మంట ఉందో లేదో చెప్పే రెండు పరీక్షల్లో ఈఎస్ఆర్ 88, చాలా ఎక్కువ, సీఆర్‌పీ మాత్రం నార్మల్. మామూలు ఇన్‌ఫెక్షన్ జ్వరమైతే రెండూ పెరగాలి కదా అన్నారు. అసలు పద్నాలుగు నెలల్లో మూత్రపరీక్ష ఒక్కటంటే ఒక్కటి లేదు! ఏభయ్యో వందో అయ్యే పరీక్ష. అది ముందే చేయించి ఉంటే పట్టీలు గుచ్చుకోవడం మొదలైన వారంలోనే తేలేది.

పరీక్షలకి ఆరువేల చిల్లర అయింది. ఇక్కడ వాళ్ళని మెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. ప్యాకేజీ పేరుతో అన్నీ ఒకేసారి రాయలేదు. ముందు ఏఎన్ఏ (మన కణాల మీదికే పోయే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసేది), రక్తం, మూత్రం. ఏఎన్ఏ ఇమ్యునోఫ్లోరసెన్స్ పద్ధతిలోనే, అంటే మెరిసే రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పద్ధతిలోనే చెయ్యాలని చీటీ మీద ప్రత్యేకంగా రాశారు. అది పాజిటివ్ వచ్చాకే డీఎస్‌డీఎన్ఏ (లూపస్‌లో పెరిగే యాంటీబాడీ), సీ3, సీ4 (కాపలాదళం వాడుకునే రక్తంలోని ప్రొటీన్లు) రాశారు. డీఎస్‌డీఎన్ఏ బాగా ఎక్కువ, సీ3, సీ4 రెండూ తక్కువ. తక్కువుంటే మంచిది కాదా అని అడిగాను. "పొయ్యి మండుతుంటే కట్టెలు అయిపోతాయి కదా, ఇవీ అంతే. లోపల మంట ఎక్కువైతే ఖర్చయిపోతాయి" అన్నారు.

జూనియర్ డాక్టరమ్మ ఒక కాగితం మీద పాయింట్లు కూడింది. 2019లో వచ్చిన పద్ధతట. ఏఎన్ఏ ఉంటేనే లెక్క మొదలవుతుంది, మొత్తం పది గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లూపస్ కిందికి వస్తుంది. కీళ్ళకి ఆరు, జ్వరానికి రెండు, తెల్లకణాలకి మూడు, మూత్రంలో ప్రొటీనుకి నాలుగు, ఇలా. మొహం మచ్చ, జుట్టు, నోటిపుండు మూడూ ఒకే గడిలోకి వస్తాయి, వాటిలో పెద్దదాన్నే తీసుకోవాలి. మొత్తం 31. మార్కుల లిస్టు చూసినట్టు చూశాను. "ఇది పరిశోధనల కోసం పెట్టుకున్న లెక్కండీ, మేం పేషెంటుని చూసి తేల్చుకుంటాం" అని పెద్దాయన ఆ కాగితం పక్కన పెట్టేశారు.

ఏఎన్ఏ గురించి ఇంకో మాట. మా ఆవిడ సంగతి తెలిశాక మా వదిన భయపడి ఏదో ల్యాబులో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుంటే కొద్దిగా పాజిటివ్ అని వచ్చింది. రెండు రోజులు అన్నం తినలేదు. ఇదే క్లినిక్‌కి తీసుకెళ్ళాం. ప్రశ్నల కాగితం మొత్తం అడిగి, మూత్రం ఒకటి చూసి, "మీకేం లేదమ్మా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా కొందరికి ఇది వస్తుంది" అని ఒక్క మాత్ర కూడా రాయకుండా పంపించారు. 700 ఫీజుకి ఏమీ రాయలేదని మా అన్నయ్య గొణిగాడు. నాకైతే ఆ రోజే వీళ్ళ మీద నమ్మకం కుదిరింది.

మూత్రంలో ప్రొటీను ఎక్కువుంది కాబట్టి కిడ్నీ బయాప్సీ వేరే ఆస్పత్రిలో చేయించమన్నారు. చేయించాం, లూపస్ కిడ్నీకి పాకింది, అందులో క్లాస్ 3 అని వచ్చింది. రాసిన మందులు స్టెరాయిడ్, తిరగబడ్డ కాపలాదళాన్ని అణిచే మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్. ఈ మూడోది ఎక్కడో విన్నట్టుందే అనుకుంటే, 2020లో కరోనాకి పనిచేస్తుందని జనం ఎగబడి కొన్న మలేరియా మాత్ర. అప్పట్లో దొరక్క ఇబ్బంది పడ్డవాళ్ళలో తనూ ఒకతినని లాయరమ్మ చెప్పింది. దాని డోసు డాక్టరు నా ఎదుటే లెక్కగట్టారు. బరువు 52 కిలోలు, కిలోకి ఐదు మిల్లీగ్రాములు దాటకూడదు, అంటే రోజుకి 260. మాత్ర 200ది. అందుకని రోజూ ఒకటి, ఆదివారం, బుధవారం మాత్రం రెండు. మా వంటింటి క్యాలెండర్లో ఆ రెండు రోజులకీ నేను ఎర్రచుక్కలు పెడతాను. కంటి రెటీనాకి చూపించుకోమన్నారు, కిడ్నీ సంగతి ఉంది కాబట్టి ఏటా తప్పకూడదన్నారు. మైకోఫినోలేట్ వాడినంతకాలం కడుపు రాకూడదని, పిల్లల కోసం అనుకుంటే ముందు మందు మార్చాలని, చెప్పకుండా ప్లాన్ చేసుకోవద్దని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. అసలు పిల్లలే వద్దు అనలేదు. ఆ మాట విన్నాక మా ఆవిడ బస్టాండు దాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత జామకాయలు కొనుక్కుంది.

"సమంతకి వచ్చిందే కదా?" అని వీధిలో అందరూ అడుగుతారు. కాదు. ఆమె 2022లో చెప్పింది మయోసైటిస్, అది కండరాలది. ఒక తాను ముక్కలే గానీ జబ్బులు వేరు. ఆమె బయటికి చెప్పడం వల్ల మాకు ఒక మేలు జరిగింది. ఆటోఇమ్యూన్, అంటే ఒళ్ళు ఒంటిమీదికే తిరగబడటం, అన్న మాట మా అత్తగారికి కూడా కొత్త కాదు.

నర్సు వాట్సాప్ నంబరు ఇస్తుంది. సంక్రాంతికి మా మామగారి ఊరెళ్ళి మాత్రల కవరు ఇంట్లో మర్చిపోయాం. ఒక పూటేగా అనుకోబోయాను. మెసేజ్ పెడితే పది నిమిషాల్లో ఫోన్ చేసి తిట్టింది. స్టెరాయిడ్ అలా ఉన్నట్టుండి ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది అని చీటీ ఫొటో పంపించి అక్కడి షాపులో కొనిపించింది. పండగపూట ఎవరు చేస్తారండీ అలా?

ఇక ఐదో స్టారు ఎందుకు కోశానంటే. కీళ్ళ నొప్పులవాళ్ళ ఆస్పత్రి రెండో అంతస్తులో ఉండటం ఒకటి. లిఫ్ట్ ఉంది, మేం వెళ్ళిన తొమ్మిది సార్లలో నాలుగుసార్లు పనిచేసింది. ఒక ముసలమ్మ మెట్టు మెట్టుకీ కూర్చుంటూ ఎక్కడం చూశాను. రెండోది, ఎండకి వెళ్ళకండి, పది నుంచి నాలుగు దాకా బయట తిరగకండి, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసుకోండి, అద్దంలోంచి వచ్చే ఎండ కూడా పడదు అని లోపల చెబుతారు. బయట వెయిటింగ్ హాలుకి పడమటివైపు అంతా అద్దం, కర్టెన్ లేదు. మూడింటికల్లా ఎండ తిన్నగా కుర్చీల మీదికే. బెజవాడ ఎండ గురించి నేను చెప్పాలా? ఆడవాళ్ళందరూ చున్నీలు, కొంగులు మొహానికి కప్పుకుని కూర్చుంటారు. రిసెప్షన్లో చెబితే "సార్‌కి చెప్తాం సార్" అంటారు. ఏడాది అయింది. పన్నెండు దాటి టోకెన్ వచ్చేవాళ్ళు గొడుగు తీసుకెళ్ళండి, హాల్లోకే.

ఇప్పుడు ఎలా ఉందంటే, స్టెరాయిడ్ 40 మిల్లీగ్రాముల నుంచి 5కి దిగింది. మొదటి మూడు నెలలు మొహం ఉబ్బి ఫొటోలు దిగనిచ్చేది కాదు, ఇప్పుడు తగ్గింది. మూత్రంలో ప్రొటీను దాదాపు మామూలుకి వచ్చింది. పాల ప్యాకెట్టు తనే కోస్తోంది. నీరసం మాత్రం పూర్తిగా పోలేదు. రెండు బకెట్ల బట్టలు ఆరేస్తే ఓ గంట పడుకుంటుంది. బద్ధకం అన్నవాళ్ళతో నేను గొడవ పెట్టుకున్నాను కూడా.

ఆ ప్రశ్నల కాగితం నాకు నిద్రపట్టనివ్వలేదు. నాలుగు పేజీలూ మొత్తం మళ్ళీ టైపు చేసి, అక్షరం సైజు పెంచి, నురగ ప్రశ్ననీ నోటిపుండు ప్రశ్ననీ మొదటి పేజీలోకి తెచ్చి, మందపాటి కాగితం మీద రెండొందల కాపీలు తీసి ఇచ్చాను. డబ్బు ఇవ్వబోయారు, తీసుకోలేదు. పోయిన నెల వెళితే హాల్లో ఇద్దరు ముగ్గురు అవే నింపుతున్నారు. దగ్గరికెళ్ళి చూశాను. నేనిచ్చినవి అయిపోయినట్టున్నాయి, వీళ్ళ మిషను మీద తీసిన కాపీలు. మూడో పేజీ మళ్ళీ వాలుగానే పడింది.